సంగీతం టీచరు అవ్వాలంటే: నెల్లూరు, ఒంగోలు వైపు పిల్లలు ఇంటర్ నుంచే చేసుకోవాల్సిన పనులు

మీరు చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకుంటున్నారు. వర్ణాలు దాటి కీర్తనల్లో పడ్డారు. పుష్య బహుళ పంచమికి ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరిగితే పెద్దవాళ్ల వెనక వరుసలో కూర్చుని పంచరత్నాలు పాడుతున్నారు. ఇప్పుడు ఇంటర్ అయిపోవస్తోంది, ఇంట్లో టెన్షన్ మొదలైంది. "సంగీతం పెట్టుకొని ఎట్టా బతుకుతావు?" అని నాన్న అంటారు. "ఏదో ఒక డిగ్రీ చెయ్, పాట ఎక్కడికి పోద్ది" అని మామయ్య అంటారు. కచేరీలు చేసి బతుకుతానంటే వాళ్ల భయంలో న్యాయం ఉంది. పాఠం చెప్పి బతుకుతానంటే మాత్రం దారులున్నాయి. దానికి రెండు కావాలి. ఒకటి అప్లికేషన్‌కు జతచేసే సరైన కాగితం, రెండోది పిల్లల ముందు నిలబడి నేర్పగలిగే పనితనం. మన వైపు మంచి గాత్రం ఉన్న పిల్లలు చాలామందే ఉన్నారు. ఈ రెండింటి గురించి ఎవరూ ముందుగా చెప్పక, పాతికేళ్లు దాటాక వెతుక్కుంటూ తిరుగుతారు.

మొదటి పని: ఎక్కడ చెప్పాలనుకుంటున్నారో తేల్చుకోవడం

కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ పిల్లలకు సంగీతం చెప్పే పోస్టు ఉంటుంది, పీఆర్‌టీ మ్యూజిక్ అంటారు. ఇంటర్‌లో 50 శాతం మార్కులు, దానితోపాటు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత అడుగుతారు. వయసు 30 దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. జీతం లెవెల్ 6, అంటే మూలవేతనం 35,400తో మొదలు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. అయితే పోస్టింగ్ అక్కడే వస్తుందని అనుకోవద్దు. దేశంలో ఎక్కడికైనా వెళ్లాల్సి ఉంటుంది.

నవోదయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచరు పోస్టు లెవెల్ 7, మూలవేతనం 44,900 నుంచి. అక్కడ ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు హాస్టల్లో ఉంటారు, మీరూ క్యాంపస్‌లోనే ఉంటారు. మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉన్న నవోదయకు ఒక్కసారి వెళ్లి చూసి రండి. పొద్దున అసెంబ్లీ, సాయంత్రం ప్రాక్టీసు, రిపబ్లిక్ డేకి సమూహ గానం, గెస్టు వస్తే స్వాగత గీతం, ఇవన్నీ ఒక్క మనిషి మీద పడతాయి. అది ఇష్టమైన వాళ్లకు అంతకంటే మంచి ఉద్యోగం లేదు. సాయంత్రం ఐదు తర్వాత తన సాధన తనకు కావాలనుకునే వాళ్లకు మాత్రం ఊపిరాడదు.

కాలేజీలో చెప్పాలంటే దారి వేరు. సంగీతంలో ఎంఏ 55 శాతంతో పాసై, యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. నెట్‌లో సంగీతం సబ్జెక్టు కోడ్ 16. ఇక నాలుగోది సొంత క్లాసు, ఇంట్లోనో అద్దె గదిలోనో ఆన్‌లైన్‌లోనో. దీనికి కాగితం అడిగేవాళ్లు తక్కువ, ఫలితం అడిగేవాళ్లు ఎక్కువ. రాష్ట్ర డీఎస్సీలో మ్యూజిక్ పోస్టులు ప్రతిసారీ కనిపించవు. దాన్నొక్కదాన్నే నమ్ముకొని ఏళ్లు గడపవద్దు.

నా మాట అడిగితే, ఇంటర్ చదివే వయసులో కేంద్రీయ, నవోదయ పోస్టులను లక్ష్యంగా పెట్టుకోవడం మేలు. వాటికి సిద్ధమైతే మిగతా రెండు దారులూ మూసుకుపోవు.

రెండో పని: కాగితం

గురువు దగ్గర పదేళ్లు నేర్చుకున్న పిల్లకు సర్టిఫికెట్ లేదు, నాలుగేళ్లు కాలేజీకి పోయిన పిల్లకు ఉంది. ఉద్యోగం రెండో అమ్మాయికే వస్తుంది. ఇది అన్యాయమని వాదించి లాభం లేదు. నేర్చుకునేది గురువు దగ్గరే కానివ్వండి, పరీక్ష మాత్రం తప్పకుండా రాయండి.

మన రాష్ట్రంలో ప్రభుత్వ సంగీత పాఠశాలలు, కళాశాలల పద్ధతి ప్రకారం సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. మామూలు డిగ్రీ చదువుతూనే సాయంత్రాలు ఇది పూర్తి చేసుకున్నవాళ్లు ఉన్నారు. అయితే ఒక మెలిక ఉంది. కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ అడిగేది సంగీతంలో డిగ్రీ, లేదా దానికి సమానమని గుర్తించిన అర్హత. మీ డిప్లొమా ఆ గుర్తింపులో వస్తుందా లేదా అన్నది పాత నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసుకొని, అర్హతల పేజీలో ఒక్కో లైను చదివి తేల్చుకోండి. "మా అక్క వాళ్ల ఫ్రెండుకు తీసుకున్నారు" అన్న మాట మీద ఆధారపడవద్దు.

సందేహం లేకుండా ఉండాలంటే సంగీతంలో బీఏ, ఎంఏ చేయండి. మనకు దగ్గర తిరుపతి. నెల్లూరు నుంచి గూడూరు మీదుగా రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం అన్నీ చెబుతారు. కోర్సు డిగ్రీయా డిప్లొమానా అన్నది చేరేముందే కనుక్కోండి. ఆడపిల్లలకైతే శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం విభాగం ఉంది. ఒంగోలు వాళ్లకు సర్టిఫికెట్, డిప్లొమాకైతే విజయవాడలో ఘంటసాల పేరు మీద ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాల దగ్గర. దూరం పోగలిగితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది.

చిన్న విషయమే కానీ చాలామందిని ఏడిపించేది పేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, సంగీతం సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. సంగీతం పరీక్షకు ఫారం నింపేటప్పుడే టెన్త్ మెమో ఎదురుగా పెట్టుకొని, అందులో ఎలా ఉంటే అలా, అక్షరం తేడా లేకుండా రాయండి. ఎందుకంటే సంగీతం పరీక్షల ఫారాలు చాలాచోట్ల గురువుగారే నింపి పంపుతారు, ఆయన మిమ్మల్ని పిలిచే పేరే అందులో పడుతుంది.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. కనీసం ఐదేళ్లు గురువు దగ్గర నేర్చుకొని ఉండాలి, ఆ సంగతి గురువు రాసివ్వాలి, ఇంటర్వ్యూలో పాడాలి. కర్ణాటక సంగీతం అందులో ఒక విభాగం. మన జిల్లాల నుంచి దీనికి అప్లై చేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

మూడో పని: సరళీ వరుసలకు వెనక్కి పోవడం

ఇది చెప్తే పిల్లలకు కోపం వస్తుంది. కల్యాణిలో ఆలాపన చేస్తున్నవాడిని పట్టుకొని మొట్టమొదటి పాఠాలైన సరళీ వరుసలు పాడమంటే చిన్నతనంగా ఉంటుంది. కానీ మీరు రేపు టీచరుగా ఏడాదికి మూడొందల సార్లు పాడబోయేది అవే. పాడటం వేరు, ఎదుటివాడు ఎక్కడ తప్పుతాడో ముందే తెలిసి పాడించడం వేరు.

మాయామాళవగౌళనే తీసుకోండి. 72 మూల రాగాల (మేళకర్తల) వరుసలో పదిహేనోది, మొదటి పాఠాలన్నీ అందులోనే. పూర్వాంగంలో, అంటే మొదటి సగంలో, స, రి పక్కపక్కనే ఉంటాయి, రి నుంచి గ మధ్య పెద్ద ఖాళీ, మళ్లీ గ, మ పక్కపక్కనే. ఉత్తరాంగంలో ప, ద, ని, పై స కూడా అచ్చం అంతే. రెండు సగాలు ఒకే అచ్చులో ఉన్నాయి కాబట్టి పిల్లవాడు సగం నేర్చుకుంటే మిగతా సగం సగం పనితో వస్తుంది. కానీ మన పిల్లలు సినిమా పాటలు, కీబోర్డు ట్యూన్లు విని వస్తారు. వాళ్ల నోట రి ఎప్పుడూ పైకి పోతుంది. మీరు మాయామాళవగౌళ పాడుతుంటే వాళ్లు శంకరాభరణం పాడుతుంటారు, ఇద్దరికీ సంగతి తెలియదు. అప్పుడు వరుస మొత్తం మళ్లీ మళ్లీ పాడించి ప్రయోజనం లేదు. తంబూరా పెట్టి, స పట్టించి, "స రి స, స రి స" అని ఆ రెండు స్వరాలే ఓ ఐదు నిమిషాలు నెమ్మదిగా పాడించండి. రి కిందికి దిగి స పక్కన కూర్చున్న తర్వాతే గ దగ్గరకు పోండి.

తాళం ఇంకా కష్టం. ఆది తాళం మీకు చెయ్యి దానంతటదే పడుతుంది కాబట్టి అందులో ఎన్ని పనులున్నాయో మర్చిపోయారు. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. ఆరేళ్ల పిల్ల వేళ్లు లెక్కపెట్టమంటే చూపుడు వేలుతో మొదలుపెడుతుంది, బళ్లో లెక్కలకు అలాగే నేర్పారు మరి. చిటికెన వేలు ఒక్కదాన్నే కదపడం కొందరికి చేతకాదు. వాళ్లను తిట్టకండి, బొటనవేలితో చిటికెన వేలిని తాకమంటే సరిపోతుంది. రెండు వారాల్లో అలవాటవుతుంది.

అసలు గొడవ రెండో కాలంలో వస్తుంది. స్వరాలు రెండింతలు వేగం కావాలి, చెయ్యి మాత్రం పాత వేగంలోనే ఉండాలి. పిల్లలు రెండూ కలిపి పరుగెత్తిస్తారు. మీరు గట్టిగా తాళం వేసి చూపించినా ఆగరు. క్లాసును రెండు చేయండి. ఎడమ వైపు వాళ్లు తాళం మాత్రమే వేయాలి, నోరు తెరవకూడదు. కుడి వైపు వాళ్లు పాడాలి, చేతులు కదపకూడదు. తాళం వేసేవాళ్లు ఎంత నెమ్మదిగా వేస్తే పాడేవాళ్లు అంతకు కట్టుబడాలి. కాసేపటికి మార్చండి. పక్కవాడు పరుగెత్తుతుంటే వాళ్లే నవ్వి పట్టుకుంటారు, మీరు అరవాల్సిన పని ఉండదు.

ఇలా ఏడు అలంకారాలకూ, మొదటి గీతాలకూ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎడమ పేజీలో నొటేషన్ చూడకుండా మీరే రాయాలి, కుడి పేజీలో పిల్లలు ఎక్కడ తప్పుతారు, దానికి మీరు ఏం చేశారు అన్నది రాయాలి. రాత పరీక్షకూ, పాఠం చెప్పి చూపించే డెమోకూ, తర్వాత ఉద్యోగానికీ ఆ పుస్తకమే పనికొస్తుంది.

నాలుగో పని: పిల్లల శ్రుతి కనుక్కోవడం

మన గురువులు మన గొంతు చూసి శ్రుతి పెట్టారు. స్కూల్లో నలభై గొంతులకు ఒకటే శ్రుతి పెట్టాలి, అది మీది కాదు, వాళ్లది.

శ్రుతిని హార్మోనియం మెట్లతో లెక్కపెడతారు, సి అయితే ఒకటి, జి అయితే ఐదు. ఆడవాళ్లలో ఎక్కువమంది ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. ఆ శ్రుతిలో రెండో తరగతి పిల్లలను పాడిస్తే కింది షడ్జం దగ్గరే గొంతు గరగరమంటుంది. ఆరు, ఆరున్నరకు పెంచండి, అవసరమైతే ఇంకాస్త. ఆ శ్రుతిలో గంటసేపు మీరు అలిసిపోకుండా పాడగలిగేలా ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి అయితే ఒక రకంగా అదృష్టం. పిల్లలు అదే శ్రుతిలో ఒక స్థాయి పైన హాయిగా పాడుకుంటారు. కాకపోతే చిన్న పిల్లలు మిమ్మల్ని అనుకరించబోయి మీ కింది స్థాయికి దిగడానికి ప్రయత్నిస్తారు, గొంతులో లావు తెచ్చుకొని గురగురమంటారు. అప్పుడు మీరు పాడటం ఆపి, హార్మోనియం మీద వాళ్ల స్థాయి స్వరం వినిపించండి. లేదా శ్రుతి బాగున్న ఒక పిల్లను లేపి ఆమె చేత పాడించి, మిగతావాళ్లను ఆమె వెనక పాడమనండి.

నవోదయలో ఇంకో సంగతి. మగపిల్లల గొంతు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మారుతుంది. ఆరో తరగతిలో కోకిలలా పాడిన అబ్బాయి ఎనిమిదికి వచ్చేసరికి పలకలేడు, మధ్యలో గొంతు చీలుతుంది, క్లాసు నవ్వుతుంది. వాడు ఆ రోజుతో పాట మానేస్తాడు. అలాంటి పిల్లలను ఆ ఏడాది తక్కువ స్వరాల మధ్యే పాడించి, తబలా దగ్గరో కీబోర్డు దగ్గరో కూర్చోబెట్టండి. "ఇది అందరికీ వచ్చేదే, ఏడాదిలో కుదురుకుంటుంది" అని అందరి ముందూ చెప్పండి. డెమోలో ఈ ప్రశ్న అడిగితే చెప్పడానికి జవాబూ సిద్ధంగా ఉంటుంది.

అసెంబ్లీ మాట కూడా ఇక్కడే చెప్పాలి. స్కూల్లో చేరిన మొదటి వారంలో హెడ్‌మాస్టరు మీ పని చూసేది క్లాసులో కాదు, ప్రార్థనలో. జాతీయ గీతం పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు పట్టాలని నియమం. చాలా స్కూళ్లలో సాగదీసి నిమిషం దాటిస్తారు, పైస్థాయికి వచ్చేసరికి సగం మంది నోరు మూసుకుంటారు. మొదలుపెట్టే శ్రుతి ఎక్కువైతే జరిగేది అదే. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకొని ఇంట్లో సాధన చేయండి. నాలుగైదు శ్రుతుల్లో పాడి చూసి, పిల్లలకు పైస్వరం అందే శ్రుతి ఏదో గుర్తుపెట్టుకోండి.

ఐదో పని: ఈ నెల నుంచే ఎవరికో ఒకరికి నేర్పడం

ఉద్యోగం వచ్చాక నేర్పుదామంటే కుదరదు. మీ వీధిలో ఐదారుగురు పిల్లలు చాలు. మొదట్లో ఫీజు తీసుకోకపోయినా ఫర్వాలేదు, టైము మాత్రం కచ్చితంగా ఉండాలి. గుళ్లో ధనుర్మాసంలో పాశురాలు పాడించే బాధ్యత అడిగి తీసుకోండి. నెల్లూరు రంగనాయకులపేటలో అయినా, ఒంగోలులో మీ వీధి రామాలయంలో అయినా, నెల రోజులు తెల్లవారుజామున రకరకాల వయసుల వాళ్లతో కలిపి పాడించడం కంటే మంచి ట్రైనింగ్ ఏ కాలేజీలోనూ దొరకదు. అరవై ఏళ్ల అమ్మమ్మ నాలుగు శ్రుతిలో పాడుతుంది, పదేళ్ల పిల్ల ఏడు శ్రుతిలో ఎత్తుకుంటుంది, ఇద్దరినీ ఒకచోటికి తేవాలి.

తల్లిదండ్రులు వచ్చి మొదట అడిగేది ఒకటే: "మా వాడు బాలు గారిలా సినిమా పాటలు పాడాలమ్మా." నెల్లూరులో అది సహజం. బాలసుబ్రహ్మణ్యం గారు పెరిగిన ఊరు, ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన ఊరు. ఆ మాట విని మొహం ముడుచుకునే గురువులను చూశాను. నాకైతే అది తప్పనిపించదు. వారంలో చివరి క్లాసులో చివరి పది నిమిషాలు సినిమా పాటకు ఇవ్వండి. కాకపోతే ఒక షరతు: ఆ పాట ఏ స్వరం మీద మొదలైందో, పల్లవి ఏ తాళానికి సరిపోతుందో పిల్లవాడే కనుక్కొని చెప్పాలి. నాలుగు నెలల్లో చెవి పదునెక్కుతుంది. సరళీ వరుసల మీద కోపం కూడా తగ్గుతుంది.

మన ప్రాంతం కథలు పిల్లలకు చెప్పండి. త్యాగరాజస్వామి పూర్వీకుల ఊరు కాకర్ల, అర్ధవీడు దగ్గరిది. శ్యామశాస్త్రి పూర్వీకులు కంభం వాళ్లు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరం నేర్పడానికి అక్కడ ఆశ్రమమే పెట్టారు. సంగీతం అంటే తంజావూరు వాళ్ల సొత్తు అనుకునే పిల్లలు ఇది విని కళ్లు పెద్దవి చేసుకుంటారు. ఇంటర్వ్యూలో "మీ జిల్లా సంగీతానికి ఏమిచ్చింది?" అని అడిగినా తడుముకోరు.

అన్నట్టు, వరాళి రాగం గురువు నేరుగా శిష్యుడికి చెప్పకూడదని ఒక నమ్మకం ఉంది. కొందరు గురువులు ఇప్పటికీ చెప్పరు, శిష్యులు విని పట్టుకుంటారు. మీరు పాటించినా పాటించకపోయినా, ఘనరాగాల పంచకంలో నాట, గౌళ, ఆరభి తర్వాత వచ్చేది అదే కాబట్టి పరీక్షకు లక్షణం మాత్రం నేర్చుకునే వెళ్లండి.

ఆరో పని: హార్మోనియం, హిందీ, హిందుస్తానీ మాటలు

మన పిల్లలు రాతపరీక్షలో దెబ్బతినేది ఇక్కడే. కేంద్ర స్థాయి పరీక్షల్లో సంగీతం ప్రశ్నల్లో ఎక్కువ భాగం హిందుస్తానీ వైపు నుంచి వస్తాయి. మీకు 72 మేళకర్తలు, పేరును బట్టి వాటి సంఖ్య చెప్పే కటపయాది సూత్రంతో సహా నోటికి వచ్చినా, పది థాట్‌ల (వాళ్ల మూల రాగాల) పేర్లు రాకపోతే మార్కులు పోతాయి.

భయపడాల్సినంత లేదు, సగం మీకు తెలిసినదే. మన శంకరాభరణం వాళ్ల బిలావల్, కల్యాణి వాళ్ల యమన్, ఖరహరప్రియ కాఫీ, మాయామాళవగౌళ భైరవ్. మోహనాన్ని భూప్ అంటారు, హిందోళాన్ని మాల్‌కౌంస్ అంటారు. ఒక్కచోట జాగ్రత్త: వాళ్లు భైరవి అనేది మన భైరవి కాదు, థాట్ స్వరాలను బట్టి మన తోడి. వాళ్ల తోడి మళ్లీ వేరే. తాళాల్లో తీన్‌తాల్ 16 మాత్రలు, కెహర్వా 8, దాద్రా 6. సమ్ (తాళం మొదటి దెబ్బ) ఎక్కడ, ఖాళీ (దెబ్బ లేని చోటు) ఎక్కడ అన్నది చేత్తో వేస్తూ చెప్పగలగాలి. నెల రోజులు రోజుకో అరగంట పెడితే ఇది వచ్చేస్తుంది.

హార్మోనియం తప్పనిసరి. పాట పాడుతూ వాయించగలగాలి, అదీ కనీసం మూడు శ్రుతుల్లో. తబలా మీద కెహర్వా, దాద్రా ఠేకాలు (తాళం మూల దరువులు) వస్తే చాలు, సోలో అక్కర్లేదు. కీబోర్డు వచ్చినవాళ్లకు స్కూళ్లలో గిరాకీ ఎక్కువ. హిందీలో పాఠం చెప్పగలగాలి, కేంద్రీయ విద్యాలయం నోటిఫికేషన్‌లో ఆ మాట రాసే ఉంటుంది. వ్యాకరణం అంత పర్ఫెక్ట్‌గా లేకపోయినా ఫర్వాలేదు, "ఫిర్ సే గాయియే, ధీరే ధీరే" అనడానికి తడబడకూడదు. అద్దం ముందు తెలుగులో చెప్పిన పాఠమే హిందీలో చెప్పి రికార్డు చేసుకొని వినండి. వేర్వేరు భాషల దేశభక్తి గీతాలు ఓ అరడజను ఉచ్చారణతో సహా నేర్చి పెట్టుకోండి.

ఏడో పని: డెమో

రాతపరీక్ష దాటాక పాడించి చూస్తారు. ప్రైవేటు స్కూళ్లలో అయితే నేరుగా క్లాసులోకే పంపిస్తారు. చాలామంది అక్కడ కచేరీ చేసేస్తారు. పది నిమిషాలు ఆలాపన, కల్పనస్వరాలు, చూసేవాళ్లు తల ఊపుతారు, ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు. వాళ్లకు కావాల్సింది మీ పాట కాదు, పిల్లల నోట పలికిన పాట.

పావుగంట డెమోకు మోహనం తీసుకోండి. స రి గ ప ద, అయిదే స్వరాలు, ఏ రెండూ మరీ పక్కపక్కన ఉండవు, అందువల్ల పిల్లలు పెద్దగా తప్పలేరు. మొదటి నిమిషం మాట్లాడకుండా తంబూరా వినిపించి, షడ్జం పట్టించండి. తర్వాత మూడు నిమిషాలు, మీరు మూడు స్వరాల ముక్క పాడితే వాళ్లు తిరిగి పాడాలి. అది కుదిరాక రెండు లైన్ల పాట. పాట మీరే కట్టినా సరే, పిల్లలకు తెలిసిన మాటలతో ఉంటే చాలు. లైనును సగంగా విరిచి నేర్పండి. మధ్యలో ఒక్కసారైనా వెనక బెంచీ వైపు నడిచి వెళ్లి అక్కడి పిల్లవాడి చేత పాడించండి. వాడు తప్పితే నవ్వకుండా, ఆ ఒక్క స్వరాన్నే సరిచేసి మళ్లీ పాడించండి. చూసేవాళ్లు ఆ అరనిమిషాన్నే ఎక్కువగా పట్టించుకుంటారు. చివర్లో తాళం వేస్తూ అందరూ కలిసి ఒకసారి. పావుగంటలో మీ గొంతు వినిపించిన సమయం కంటే పిల్లల గొంతు వినిపించిన సమయం ఎక్కువ ఉండాలి.

చీరకట్టు, కుర్తా గురించి ఎక్కువ ఆలోచించవద్దు. శ్రుతి పెట్టె ఛార్జింగ్ చూసుకోండి, ఫోనులో తంబూరా యాప్ కూడా పెట్టుకోండి. ఫోను సైలెంట్‌లో కాదు, ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. డెమో మధ్యలో కాల్ వస్తే తంబూరా ఆగిపోతుంది.

గొంతు సంగతి

రోజుకు ఆరు పీరియడ్లు అరిచి చెప్పే టీచర్లకు గొంతు పోవడం, స్వరతంతువుల మీద బొడిపెలు రావడం మామూలుగా జరిగేదే. క్లాసు నిశ్శబ్దం కావాలంటే అరవకండి, చప్పట్లతో ఒక తాళం ముక్క కొట్టండి, పిల్లలు తిరిగి కొట్టాలి, అంతటితో క్లాసు మీ చేతిలోకి వస్తుంది. గొంతు బొంగురుపోయిన రోజు గుసగుసగా చెప్పడం కూడా మంచిది కాదు, దానికీ శ్రమ ఉంటుంది. ఆ రోజు హార్మోనియం వాయించి చెప్పండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

సొంత క్లాసు, ఆన్‌లైన్

ఉద్యోగం వచ్చేలోపు సొంత క్లాసే అన్నం పెడుతుంది. ఫీజు నెల మొదట్లో తీసుకునే పద్ధతి మొదటి రోజే చెప్పండి. తెలిసినవాళ్లని మొహమాటపడితే ఆరు నెలలకు వాళ్లూ రారు, డబ్బూ రాదు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే క్లాసుకూ, గుంపుగా చెప్పే క్లాసుకూ ఫీజులో తేడా పెట్టండి. పిల్లలు మూడు నెలలకోసారి ఇంట్లో వాళ్ల ముందు పాడే ఏర్పాటు చేయండి. హాలు, మైకు అక్కర్లేదు, మేడ మీద చాప పరిస్తే చాలు.

నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో అమెరికాలో చుట్టాలు లేనివాళ్లు తక్కువ. ఆన్‌లైన్ శిష్యులు మొదట వాళ్ల ద్వారానే వస్తారు. జూమ్‌లో ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. మీరు పాడాలి, ఆపాలి, అప్పుడు ఆ పిల్ల పాడాలి. తంబూరా మీ దగ్గర కాదు, ఆమె దగ్గర మోగాలి. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయకపోతే జూమ్ తంబూరాను ఫ్యాన్ చప్పుడనుకొని నొక్కేస్తుంది, దీర్ఘ స్వరాలు తెగిపోతాయి. ఇది రెండువైపులా ఆన్ చేయించాలి.

టైము కూడా చూసుకోండి. కాలిఫోర్నియాలో సాయంత్రం ఏడైతే మనకు వేసవిలో మర్నాడు పొద్దున ఏడున్నర. న్యూయార్కు వైపు సాయంత్రం ఏడంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళకు మీ గొంతు లేస్తుందో లేదో చూసుకొని ఒప్పుకోండి. మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి అక్కడ గడియారం గంట మారుతుంది, మనకు మారదు. ఆ వారం సగం మంది శిష్యులు గంట ముందో వెనకో వచ్చి కూర్చుంటారు. ముందు ఆదివారమే వాట్సాప్ గ్రూపులో రెండు దేశాల టైములూ రాసి పెట్టేయండి.